ఏడబ్ల్యూఎస్, అజూర్, గూగుల్ క్లౌడ్: ఏది ముందు నేర్చుకోవాలి?

పేర్లు చూసి కంగారుపడకండి. మూడింటిలో సరుకు దాదాపు ఒకటే. తేడా ఉన్న నాలుగు చోట్లు తెలిస్తే చాలు

క్లౌడ్ కోర్సు కోసం అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఒక్క రౌండ్ వేయండి. ఒక బోర్డు ఏడబ్ల్యూఎస్ అంటుంది. పక్కది అజూర్ అంటుంది. ఆ పై అంతస్తులో గూగుల్ క్లౌడ్. ఇంకోచోట మూడూ కలిపి ఒకే ప్యాకేజీ, కొసరుగా డెవాప్స్. సీనియర్‌ని అడిగితే తను పనిచేసేదే గొప్పదంటాడు. యూట్యూబ్‌ని అడిగితే వారానికో జవాబు. చివరికి ఫీజు కట్టేది ఇంట్లోవాళ్లు, ఆరు నెలల సమయం పోయేది మీకు.

నా జవాబు ముందే చెప్పేస్తా. ఈ మూడూ అమ్మే సరుకు దాదాపు ఒకటే, డబ్బాల మీద పేర్లే వేరు. కాబట్టి ఒకదాన్ని పూర్తిగా నేర్చుకుంటే రెండోది కొన్ని వారాల పని. కానీ కొన్ని చోట్ల నిజమైన తేడాలున్నాయి. అనుకోని బిల్లు వచ్చేదీ, ఇంటర్వ్యూలో తడబడేదీ సరిగ్గా ఆ చోట్లే. అవి తెలుసుకుని ఎంచుకుంటే ఏది ఎంచుకున్నా నష్టం లేదు.

ఫలితాల వెబ్‌సైటు చెప్పే పాఠం

ఇంటర్ ఫలితాల రోజు గుర్తు తెచ్చుకోండి. ఉదయం పదకొండు గంటలకు విడుదల అంటారు. పది యాభైకే లక్షలమంది హాల్‌టికెట్ నంబరు చేత్తో పట్టుకుని కూర్చుంటారు. పేజీ తిరుగుతూనే ఉంటుంది. సాయంత్రానికి ఆ రద్దీ ఉండదు, మళ్లీ ఏడాదిదాకా పెద్దగా పనే ఉండదు. ఆ రెండు గంటల కోసం వంద సర్వర్లు కొని గదిలో పెట్టుకుంటే మిగతా ఏడాదంతా వాటికి కరెంటు, ఏసీ దండగ. ఆ రెండు గంటలకే వంద అద్దెకు తీసుకుని, పని అయ్యాక వెనక్కి ఇచ్చేయడమే క్లౌడ్.

ఇలాంటి చిన్న ఫలితాల సైటు ఒకటి మనమే కడదాం. దానికి ఏమేం కావాలో, ఒక్కోదాన్ని ముగ్గురూ ఏ పేరుతో అమ్ముతున్నారో చూడండి.

- సర్వర్: ఏడబ్ల్యూఎస్‌లో ఈసీ2, అజూర్‌లో వర్చువల్ మెషీన్స్, గూగుల్‌లో కంప్యూట్ ఇంజిన్.
- మార్కుల మెమోల పీడీఎఫ్‌లు దాచే చోటు: ఎస్3, బ్లాబ్ స్టోరేజ్, క్లౌడ్ స్టోరేజ్.
- సర్వర్‌కి తగిలించే డిస్కు: ఈబీఎస్, మేనేజ్డ్ డిస్క్స్, పర్సిస్టెంట్ డిస్క్.
- మార్కులు ఉండే డేటాబేస్: ఆర్‌డీఎస్, అజూర్ ఎస్‌క్యూఎల్ డేటాబేస్, క్లౌడ్ ఎస్‌క్యూఎల్.
- సర్వర్ బాధ్యత మనకు లేకుండా కోడ్ నడిపేది: లామ్డా, అజూర్ ఫంక్షన్స్, క్లౌడ్ రన్ ఫంక్షన్స్.
- కంటైనర్లను నడిపే కుబెర్నెటిస్: ఈకేఎస్, ఏకేఎస్, జీకేఈ.
- ఎవరికి ఏ అనుమతి ఉందో చూసేది: ఐఏఎం, ఎంట్రా ఐడీతో పాటు అజూర్ రోల్స్, గూగుల్ క్లౌడ్ ఐఏఎం.
- నిఘా పెట్టేది: క్లౌడ్‌వాచ్, అజూర్ మానిటర్, క్లౌడ్ మానిటరింగ్.

జాబితా ఇంతే. ఒక్కో కంపెనీ దగ్గర వందల్లో సర్వీసులు ఉన్నా, ఫ్రెషర్‌గా మీరు చేసే పనిలో ఎక్కువ భాగం ఈ ఎనిమిదింటి చుట్టే తిరుగుతుంది. సర్వర్ అంటే ఏమిటో, డిస్కుకీ ఆబ్జెక్ట్ స్టోరేజీకీ తేడా ఏమిటో ఒక్కసారి అర్థమైతే ఈ పేర్లు మార్చి చదువుకోవడం పెద్ద కష్టం కాదు.

పుట్టిన ఇంటి అలవాట్లు

సరుకు ఒకటే అయినా మూడింటి తీరు ఒకటి కాదు. ఏది ఏ ఇంట్లో పుట్టిందో చూస్తే ఎందుకో తెలుస్తుంది.

ఏడబ్ల్యూఎస్ అందరికంటే ముందు వచ్చింది. 2006 మార్చిలో ఎస్3, అదే ఏడాది ఆగస్టులో ఈసీ2 ప్రయోగ రూపంలో మొదలయ్యాయి. అప్పట్నుంచీ పద్ధతి ఒకటే: చిన్న చిన్న ముక్కలు ఇస్తారు, కావాల్సినట్టు మీరే అతికించుకోవాలి. స్వేచ్ఛ ఎక్కువ, గుర్తుపెట్టుకోవాల్సిందీ ఎక్కువే. వాడేవాళ్ల సంఖ్యలో ఇప్పటికీ మొదటి స్థానం దీనిదే. ఏ ఎర్రర్ వచ్చినా ఇంటర్నెట్‌లో ఎవరో ఒకరు ముందే పరిష్కారం రాసి ఉంటారు.

అజూర్ ఆఫీసుల్లోంచి వచ్చింది. 2008లో ప్రకటించి, 2010 ఫిబ్రవరిలో అందరికీ అందుబాటులోకి తెచ్చారు. బ్యాంకులు, ఆసుపత్రులు, పెద్ద కంపెనీలు అప్పటికే విండోస్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఔట్‌లుక్ వాడుతున్నాయి. ఉద్యోగుల లాగిన్‌లన్నీ యాక్టివ్ డైరెక్టరీలో ఉన్నాయి. ఆ లాగిన్‌తోనే క్లౌడ్‌లోకీ రావచ్చు అనడం అజూర్‌కి పెద్ద బలం. పాత విండోస్ లైసెన్సులు ఉన్నవాళ్లకు ధరలో తగ్గింపు కూడా ఉంటుంది. మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014లో సీఈఓ అయ్యేముందు చూసింది ఈ క్లౌడ్ విభాగాన్నే.

గూగుల్ క్లౌడ్ డేటాలోంచి వచ్చింది. సెర్చ్, యూట్యూబ్ లాంటివి నడపడానికి తమ కోసం కట్టుకున్న టెక్నాలజీని బయటివాళ్లకూ అద్దెకిచ్చారు. 2008లో యాప్ ఇంజిన్‌తో మొదలైంది. ఇప్పుడు అన్ని క్లౌడ్‌లలోనూ దొరికే కుబెర్నెటిస్‌ని 2014లో బయటపెట్టింది గూగులే. ఇక బిగ్‌క్వెరీ అయితే డేటా ఉద్యోగాలవైపు వెళ్లేవాళ్లు తప్పక చూడాల్సింది. కోట్ల వరుసల పట్టికను మామూలు ఎస్‌క్యూఎల్‌తోనే అడగొచ్చు, సర్వర్ పెట్టుకునే పని లేదు.

ఏఐ సర్వీసుల్లోనూ ఇదే తీరు. ఏడబ్ల్యూఎస్ బెడ్‌రాక్‌లో పలు కంపెనీల మోడళ్లను ఒకే తలుపులోంచి ఇస్తుంది. అజూర్ బలం ఓపెన్‌ఏఐ మోడళ్లు. గూగుల్ వర్టెక్స్ ఏఐలో సొంత జెమినై ముందుంటుంది.

తేడా 1: సామాను సర్దే పద్ధతి

మన ఫలితాల సైటు కట్టాం, ప్రాక్టీసు అయిపోయింది. ఇప్పుడు మొత్తం తీసేయాలి. ఇక్కడే మొదటి తేడా కనిపిస్తుంది.

అజూర్‌లో ఏది సృష్టించినా ఒక రిసోర్స్ గ్రూపులో పెట్టాల్సిందే. ఆ గ్రూపును డిలీట్ చేస్తే లోపలున్న సర్వర్, డిస్కు, నెట్‌వర్కు అన్నీ పోతాయి. గూగుల్‌లో ప్రతిదీ ఒక ప్రాజెక్టులో ఉంటుంది. ప్రాజెక్టును మూసేస్తే అన్నీ ఆగిపోతాయి, మనసు మారితే తిరిగి తెచ్చుకోవడానికి 30 రోజుల గడువు ఉంటుంది. ఏడబ్ల్యూఎస్‌లో మామూలుగా అలాంటి ఒకే ఒక్క బటన్ ఉండదు. ముంబయి రీజియన్‌లో ఒకటి, పొరపాటున అమెరికా రీజియన్‌లో ఇంకొకటి పెడితే, రెండు చోట్లా వెతికి తీసేయాలి. కన్సోల్లో ముంబయి తెరిచి ఉన్నప్పుడు అమెరికాలో నడిచే సర్వర్ ఆ జాబితాలో కనపడదు. కానీ బిల్లులో మాత్రం కనపడుతుంది.

ఏడబ్ల్యూఎస్‌తో మొదలుపెట్టేవాళ్లు రెండు అలవాట్లు చేసుకోండి. ప్రాక్టీసంతా ఒకే రీజియన్‌లో చేయండి. సృష్టించిన ప్రతిదాన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని, లేచేముందు టిక్కు పెట్టుకుంటూ తీసేయండి. ఇంకాస్త ముందుకెళ్లాక టెర్రాఫామ్ నేర్చుకుంటే ఒక్క కమాండ్‌తో కట్టి, ఒక్క కమాండ్‌తో కూల్చేయొచ్చు. అది మూడు క్లౌడ్‌లలోనూ పనిచేస్తుంది కూడా.

తేడా 2: ఆపితే ఆగినట్టేనా?

సర్వర్‌ని ఆపితే మీటరు ఆగుతుందా? ఇంటర్వ్యూల్లో ఇష్టంగా అడిగే ప్రశ్న ఇది.

ఈసీ2ని స్టాప్ చేస్తే సర్వర్ అద్దె ఆగుతుంది. డిస్కు అద్దె మాత్రం నడుస్తూనే ఉంటుంది. గూగుల్‌లోనూ అంతే. అజూర్‌లో ఒక మెలిక ఉంది. మెషీన్ లోపలికి వెళ్లి మన ల్యాప్‌టాప్‌ని చేసినట్టు షట్‌డౌన్ చేస్తే, పోర్టల్లో ‘స్టాప్డ్’ అని చూపిస్తుంది, కానీ అద్దె పడుతూనే ఉంటుంది. పోర్టల్లోంచి ఆపి, ‘స్టాప్డ్, డీఅలొకేటెడ్’ అని కనిపిస్తేనే ఆగినట్టు. లాడ్జిలో గదికి తాళం వేసి ఊరెళ్లడానికీ, తాళంచెవి కౌంటర్లో ఇచ్చేయడానికీ ఉన్న తేడా ఇది. తాళంచెవి మీ జేబులో ఉన్నంతవరకూ గది మీ పేరు మీదే.

ఎప్పుడైనా వెనక్కి లాక్కునే చౌక సర్వర్లు మూడు చోట్లా ఉన్నాయి, వాటిని స్పాట్ అంటారు. వెనక్కి తీసుకునేముందు ఏడబ్ల్యూఎస్ రెండు నిమిషాల హెచ్చరిక ఇస్తుంది. అజూర్, గూగుల్ ఇచ్చేది 30 సెకన్లే. ఫలితాల సైటును వీటిమీద నడపకూడదు. కానీ మెమోలన్నిటినీ రాత్రిపూట పీడీఎఫ్‌లుగా మార్చే పనికి బాగా సరిపోతాయి. మధ్యలో ఆగిపోయినా మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.

తేడా 3: నెట్‌వర్కు, పాత ఫైళ్లు, చిన్న కోడ్

నెట్‌వర్కు విషయంలో గూగుల్ దారే వేరు. ఏడబ్ల్యూఎస్‌లో వీపీసీ ఒక రీజియన్‌కే పరిమితం, అందులోని సబ్‌నెట్ ఒకే జోన్‌కి పరిమితం. అజూర్‌లో వీనెట్ ఒక రీజియన్‌కి పరిమితమే, కానీ సబ్‌నెట్ ఆ రీజియన్‌లోని జోన్లన్నిటికీ వర్తిస్తుంది. గూగుల్‌లో వీపీసీ ప్రపంచమంతటికీ ఒకటే, సబ్‌నెట్‌కి మాత్రం రీజియన్ ఉంటుంది. ముంబయి సర్వర్ ఢిల్లీ సర్వర్‌తో మాట్లాడటానికి గూగుల్‌లో ఒకే నెట్‌వర్కు చాలు. మిగతా రెండింటిలో రెండు నెట్‌వర్కులు పెట్టి కలపాలి.

పాత ఫైళ్లను చౌకగా దాచే చోట కూడా చూసుకోండి. పదేళ్ల కిందటి మెమోలు ఆర్కైవ్‌లో పెట్టాం అనుకుందాం. అకస్మాత్తుగా ఒకరికి కావాల్సి వచ్చింది. గూగుల్ ఆర్కైవ్ క్లాస్‌లోంచి వెంటనే తీయొచ్చు. అజూర్ ఆర్కైవ్‌లోంచి మామూలు పద్ధతిలో బయటికి రావడానికి 15 గంటల దాకా పట్టొచ్చు. ఏడబ్ల్యూఎస్‌లో అన్నిటికంటే చౌకైన గ్లేసియర్ డీప్ ఆర్కైవ్ మామూలుగా 12 గంటల్లోపు ఇస్తుంది. వెంటనే కావాలంటే అక్కడే వేరే క్లాస్ ఉంది, దానికి ధర వేరు. మరోవైపు గూగుల్ ఆర్కైవ్‌లో పెట్టిన ఫైలుకు కనీసం 365 రోజుల అద్దె కట్టాలి. మిగతా ఇద్దరి దగ్గరా అది 180 రోజులు. తక్కువ ధర కనిపించిన ప్రతిచోటా పక్కన ఒక షరతు ఉంటుంది.

సర్వర్ లేని కోడ్‌లో గడువు చూడాలి. లామ్డా ఒక్కసారికి గరిష్ఠంగా 15 నిమిషాలు నడుస్తుంది. అజూర్ ఫంక్షన్స్ కన్సంప్షన్ ప్లాన్‌లో 10 నిమిషాలు. గూగుల్‌లో వెబ్ రిక్వెస్టుతో నడిచే ఫంక్షన్ 60 నిమిషాల దాకా ఉండగలదు. ‘మీ పని 20 నిమిషాలు పడుతుంది, లామ్డాలో పెడతారా?’ అని అడిగితే ఇప్పుడు జవాబు మీ దగ్గర ఉంది.

తేడా 4: ఉచితం అనే మాట

స్టూడెంట్లకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. ముగ్గురూ కొత్తవాళ్లకు ఉచితంగా కొంత ఇస్తారు. ఎలా ఇస్తారన్నదే తేడా.

- ఏడబ్ల్యూఎస్: 2025 జులై 15 నుంచి పద్ధతి మారింది. కొత్త ఖాతాకు 100 డాలర్ల క్రెడిట్, కొన్ని పనులు పూర్తిచేస్తే ఇంకో 100 దాకా. ఫ్రీ ప్లాన్ ఆరు నెలలు, లేదా క్రెడిట్ అయిపోయేదాకా. పాత వీడియోల్లో చెప్పే ‘12 నెలలు ఫ్రీ’ కొత్త ఖాతాలకు వర్తించదు.
- అజూర్: మామూలు ఖాతాకు 30 రోజుల్లో వాడుకోవాల్సిన 200 డాలర్లు. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీ ఉంటే ‘అజూర్ ఫర్ స్టూడెంట్స్’ కింద క్రెడిట్ కార్డు లేకుండానే 100 డాలర్లు, 12 నెలల గడువు.
- గూగుల్: 90 రోజులకు 300 డాలర్లు. మీరే పెయిడ్ ఖాతాకు మారేదాకా డబ్బు పట్టుకోరు. బిగ్‌క్వెరీ శాండ్‌బాక్స్‌కి అయితే కార్డు కూడా అక్కర్లేదు.

ఈ షరతులు మారుతుంటాయి. ఖాతా తెరిచే రోజున ఆ కంపెనీ పేజీలో ఒకసారి సరిచూసుకోండి.

ఇక డబ్బు కారిపోయే చిల్లులు. డేటా క్లౌడ్‌లోకి రావడం సాధారణంగా ఉచితం, బయటికి వెళ్లేటప్పుడు మీటరు తిరుగుతుంది. మన సైటులో లక్షమంది పీడీఎఫ్‌లు దించుకుంటే ఖర్చు సర్వర్‌ది కాదు, ఆ దారిది. ఏడబ్ల్యూఎస్‌లో 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కీ గంటకు 0.005 డాలర్లు. చూడటానికి గోరంత, నెలకు లెక్కేస్తే మూడున్నర డాలర్లు. అదే ట్యుటోరియల్ చూసి నాట్ గేట్‌వే పెట్టి మర్చిపోయారనుకోండి. వర్జీనియా రీజియన్ ధర గంటకు 0.045 డాలర్లు, అంటే ఏమీ వాడకపోయినా నెలకు 32 డాలర్ల పైనే. మన డబ్బుల్లో రెండున్నర వేల పైమాటే. ఇంటి నుంచి వచ్చే పాకెట్ మనీతో బతికే కుర్రాడికి అది చిన్న మొత్తం కాదు.

బడ్జెట్ అలర్ట్ పెట్టాం కదా, భయమేముంది అంటారేమో. మూడు చోట్లా అలర్ట్ చేసే పని మెయిల్ పంపడం. దానంతట అది సర్వర్‌ని ఆపదు. అజూర్ ఉచిత, స్టూడెంట్ ఖాతాలకు మాత్రం క్రెడిట్ దాటకుండా ఆపే స్పెండింగ్ లిమిట్ ఉంటుంది. కాబట్టి అలర్ట్ పెట్టండి, మెయిల్ వచ్చిన రోజే లాగినై చూడండి.

అంతకంటే పెద్ద ప్రమాదం యాక్సెస్ కీలు. ప్రాజెక్టు కోడ్‌తో పాటు కీని కూడా గిట్‌హబ్‌లో పబ్లిక్‌గా పెట్టేస్తే, అలాంటివాటి కోసమే వెతికే బాట్‌లు నిమిషాల్లో పట్టుకుంటాయి. మీ ఖాతాలో క్రిప్టో మైనింగ్ సర్వర్లు లేపుతాయి. ఖాతా తెరిచిన మొదటి గంటలోనే రూట్ లాగిన్‌కి రెండంచెల భద్రత పెట్టండి. కీలను కోడ్‌లో రాయకండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు.

ఎవరూ పడిపోనివాళ్లు కారు

ఫలానాది ఎప్పుడూ పడిపోదు అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒక్క 2025లోనే మూడూ పడ్డాయి. జూన్ 12న గూగుల్ క్లౌడ్, అక్టోబరు 20న ఏడబ్ల్యూఎస్ వర్జీనియా రీజియన్, అదే నెల 29న అజూర్ ఫ్రంట్ డోర్ మొరాయించాయి. వాటి మీద ఆధారపడ్డ యాప్‌లు, సైట్లు ఎన్నో ఆగిపోయాయి.

2024 మేలో ఆస్ట్రేలియాలో ఇంకో సంగతి జరిగింది. యూనీసూపర్ అనే పెన్షన్ ఫండ్‌కి 6 లక్షలమందికి పైగా సభ్యులు. వాళ్ల ప్రైవేట్ క్లౌడ్ సెటప్ చేసేటప్పుడు గూగుల్ వైపు ఒక వివరం ఖాళీగా వదిలేయడంతో, గడువు ముగిశాక అది మొత్తం డిలీట్ అయిపోయింది. వేరే ప్రొవైడర్ దగ్గర కూడా బ్యాకప్ ఉంచుకోవడం ఆ సంస్థకు తిరిగి లేవడంలో సాయపడింది. మంచి క్లౌడ్ ఇంజినీర్ ఏ కంపెనీకీ అభిమాని కాడు. ‘ఇది పడిపోతే ఏం చేస్తాం?’ అని ముందే అడిగేవాడు.

మన దగ్గర ఏముంది?

డేటా ఎక్కడ ఉందన్నది ఇప్పుడు చట్టం ప్రశ్న కూడా. చెల్లింపుల డేటా భారత్‌లోనే ఉండాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. అందుకే మన దేశంలోని రీజియన్లు తెలిసి ఉండాలి. ఏడబ్ల్యూఎస్‌కి 2016 నుంచి ముంబయి, 2022 నవంబరు నుంచి హైదరాబాద్. అజూర్‌కి 2015 నుంచి పుణె, చెన్నై, ముంబయి. హైదరాబాద్‌లో కొత్త రీజియన్ పెడతామని మైక్రోసాఫ్ట్ 2022 మార్చిలో ప్రకటించింది. గూగుల్‌కి 2017 నుంచి ముంబయి, 2021 నుంచి ఢిల్లీ. విశాఖపట్నంలో ఏఐ హబ్ కోసం అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది.

విశాఖలో గూగుల్ వస్తోంది కాబట్టి గూగుల్ క్లౌడే నేర్చుకోవాలా? అక్కర్లేదు. డేటా సెంటర్ లోపలి పని ఎక్కువగా కరెంటు, కూలింగ్, హార్డ్‌వేర్, భద్రత చుట్టూ ఉంటుంది. ఈఈఈ, మెకానికల్ వాళ్లు దానిమీద కన్నేయొచ్చు. క్లౌడ్ ఇంజినీర్ మాత్రం కాకినాడలో కూర్చుని ముంబయి రీజియన్‌ని నడపగలడు.

మరి ఏది ఎంచుకోవాలి?

లింక్డ్‌ఇన్, నౌకరీ తెరవండి. మీకు కావాల్సిన ఊరు, మీకు కావాల్సిన రకం ఉద్యోగం, సున్నా నుంచి రెండేళ్ల అనుభవం పెట్టి వెతకండి. 30 ప్రకటనలు చదివి, ఏ క్లౌడ్ పేరు ఎన్నిసార్లు వచ్చిందో కాగితం మీద గీతలు పెట్టండి. ఎవరి సలహా కంటే ఆ కాగితం నమ్మదగినది. అది చేసేముందు ఈ లెక్కలు మనసులో పెట్టుకోండి.

- సపోర్టు, అడ్మిన్ ఉద్యోగాలు, బ్యాంకులు, విండోస్ వాడే పెద్ద కంపెనీలవైపు వెళ్లాలంటే అజూర్.
- స్టార్టప్‌లు, ప్రొడక్టు కంపెనీలు, లేదా ఇంకా ఏదీ తేల్చుకోకపోతే ఏడబ్ల్యూఎస్.
- డేటా ఇంజినీరింగ్, అనలిటిక్స్, మెషీన్ లెర్నింగ్ ఇష్టమైతే గూగుల్.
- చేతిలో క్రెడిట్ కార్డు లేదు, కాలేజీ మెయిల్ ఉంది అంటే అజూర్ స్టూడెంట్ ఖాతాతో మొదలుపెట్టండి. డేటా అయితే బిగ్‌క్వెరీ శాండ్‌బాక్స్.

మూడూ ఒకేసారి చెప్పే మూడు నెలల కోర్సు జోలికి మాత్రం వెళ్లకండి. మూడు పడవల మీద కాళ్లు పెట్టడానికి మనకున్నవి రెండే కాళ్లు. ‘మేం అనుభవం పెట్టి ఇస్తాం’ అనే చోటికి అసలే వద్దు. లేని రెండేళ్లు రెజ్యూమెలో చేరిస్తే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరుకుతారు. వచ్చిన ఉద్యోగం పోవడమే కాదు, ఆ మచ్చ వెంటే వస్తుంది.

సర్టిఫికెట్ ఎంతవరకు?

సర్టిఫికెట్ మీ రెజ్యూమెను పైకి తెస్తుంది, ఉద్యోగం మాత్రం మీరే తెచ్చుకోవాలి. ఏడబ్ల్యూఎస్‌లో మొదటి మెట్టు క్లౌడ్ ప్రాక్టీషనర్, ఫీజు 100 డాలర్లు. దాని తర్వాతిది సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్, 150 డాలర్లు, మూడేళ్లు చెల్లుతుంది. గూగుల్ అసోసియేట్ క్లౌడ్ ఇంజినీర్ 125 డాలర్లు, అదీ మూడేళ్లే. అజూర్‌లో ఏజెడ్-900కి గడువు లేదు. ఏజెడ్-104ని మాత్రం ఏటా ఆన్‌లైన్లో ఉచితంగా రెన్యూ చేసుకోవాలి.

డబ్బు పరిమితంగా ఉంటే మొదటి మెట్టు పరీక్ష వదిలేసి, దాని సిలబస్ ఉచితంగా చదివి, అసోసియేట్ స్థాయికే ఫీజు కట్టండి. డంప్స్ కొని బట్టీ పట్టినవాళ్లు ‘సర్వర్‌కి బయట నుంచి కనెక్ట్ కావట్లేదు, ముందు ఏం చూస్తారు?’ అన్న ఒక్క ప్రశ్నకే దొరికిపోతారు.

ఎనిమిది వారాల పని

మొదటి రెండు వారాలు క్లౌడ్ ముట్టుకోకండి. లినక్స్ కమాండ్లు, ఐపీ అడ్రస్, పోర్టు, డీఎన్‌ఎస్, కొంచెం ఎస్‌క్యూఎల్, గిట్ చూసుకోండి. ఇవి లేకుండా మొదలుపెడితే ప్రతి ఎర్రరూ దయ్యంలా కనిపిస్తుంది. మూడో వారం నుంచి అయిదో వారం వరకు ఎంచుకున్న క్లౌడ్‌లో ఫలితాల సైటు కట్టండి. ఒక సర్వర్, ఒక డేటాబేస్, పీడీఎఫ్‌లకు ఒక స్టోరేజీ, నకిలీ మార్కులు. ఆరో వారం దాన్ని చెడగొట్టండి. పోర్టు మూసేయండి, అనుమతి తీసేయండి, ఏం ఆగుతుందో చూసి మళ్లీ సరిచేయండి. అసలు చదువు అక్కడే ఉంది. ఏడో వారం అదంతా టెర్రాఫామ్‌లో రాయండి. ఎనిమిదో వారం అదే సైటును రెండో క్లౌడ్‌లో కట్టండి.

ఆ చివరి వారంలో మీకు ఎక్కడెక్కడ బ్రేకు పడిందో రాసుకోండి. ఖాతా అమరిక దగ్గరా, నెట్‌వర్కు దగ్గరా, అనుమతుల దగ్గరా? ఆ పేజీయే మీ పోలిక. ఇంటర్వ్యూలో ‘ఏడబ్ల్యూఎస్‌కీ అజూర్‌కీ తేడా ఏంటి?’ అని అడిగినప్పుడు చాలామంది పేర్ల పట్టిక అప్పజెబుతారు. మీరు మాత్రం, ఒకే సైటును రెండు చోట్లా కట్టి, నెలకు ఎక్కడ ఎంత ఖర్చయ్యేదో లెక్కేసి చెబుతారు. ఎదుటివాళ్లు కుర్చీలో ముందుకు జరిగేది అప్పుడే.

ఈ ఆదివారం కాగితం, పెన్ను, 30 ప్రకటనలతో మొదలుపెట్టండి. ఫీజు కట్టడం ఆ తర్వాత చూసుకోవచ్చు.